గుంత దాటిన తర్వాత

ముందు పోతున్న కారు స్పీడ్ బ్రేకర్ దాటుతున్నప్పుడు దాని వెనక భాగాన్ని ఒకసారి గమనించండి. వెనక చక్రాలు గట్టు దిగగానే డిక్కీ ఒకసారి కుంగి, పైకి లేచి, కుదురుకుంటే బండి బాగున్నట్టు. అలా కాక, గట్టు దాటి పది గజాలు పోయినా లేస్తూ పడుతూనే ఉందంటే వెనక షాకబ్జార్బర్లు పోయినట్టు. నడిపేవారికి ఈ సంగతి తెలియకపోవచ్చు. షాకబ్జార్బర్ ఒక్క రోజులో చెడిపోదు. నెలల తరబడి కొద్దికొద్దిగా నీరసపడుతుంది. దానితోపాటే నడిపేవారి ఒళ్లూ అలవాటు పడిపోతుంది.

ఈ పరీక్షకు మన ఊళ్లలో గట్ల కొరత లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. 17 మీటర్ల వ్యాసార్ధమున్న వృత్తంలోంచి కోసిన ముక్కలా మెల్లగా లేచి మెల్లగా దిగాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి దాన్ని ఇబ్బంది లేకుండా దాటాలన్నది ఆ లెక్క. కాలనీవాళ్లు రాత్రికి రాత్రి సిమెంటుతో పోసుకునే గట్లకు, కేబుల్ కోసం తవ్వి పూడ్చిన అడ్డగీతలకు ఏ లెక్కా ఉండదు. అందుకే ఇక్కడ షాకబ్జార్బర్ల ఆయుష్షును కారుతో ఇచ్చే పుస్తకం కంటే కాలనీ రోడ్డే ఎక్కువగా నిర్ణయిస్తుంది.

చాలా చిన్న కార్లలో వెనక షాకబ్జార్బర్లను కాస్త చేతి పనిముట్ల అలవాటున్నవారు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు. విప్పాల్సిన బోల్టులు ఒక్కో వైపు రెండో మూడో ఉంటాయి. కానీ ఈ పనిలో పాటించాల్సిన జాగ్రత్తల్లో సగం, కారణం తెలియకపోతే చాదస్తంగా కనిపిస్తాయి. కారణం తెలియాలంటే పానా పట్టుకునే ముందు స్ప్రింగు దగ్గర కాసేపు ఆగాలి.

ఒక చిన్న కారు తీసుకుందాం. మనుషులతో కలిపి టన్ను బరువు. చక్రానికి 250 కిలోలు. ఒక్కో చక్రం మీద ఉన్న చుట్ట స్ప్రింగును ఒక సెంటీమీటరు నొక్కడానికి 20 కిలోల బరువు కావాలనుకుందాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే అయినా నిజానికి దగ్గరగానే ఉన్నాయి. ఆ స్ప్రింగు మీద ఆ బరువు పెట్టి, నొక్కి వదిలితే సెకనుకు దాదాపు 1.4 సార్లు కిందికీ పైకీ ఊగుతుంది. కారు తయారుచేసేవాళ్లు కావాలనే ఈ అంకెకు దగ్గర్లో పెడతారు. సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు వచ్చే నిలువు కుదుపును మనిషి శరీరం అన్నిటికంటే తక్కువగా ఓర్చుకుంటుంది. మరీ నెమ్మదిగా, నాలుగైదు సెకన్లకో ఊపు చొప్పున వచ్చినా కడుపులో తిప్పుతుంది. సముద్రం మీద ఓడలో వాంతులు తెప్పించేది ఆ నెమ్మది ఊపే. ఈ రెండు బాధలకూ మధ్యనున్న సందులో కారు స్ప్రింగును కూర్చోబెట్టారు.

గుంతలో దెబ్బను మొదట తీసుకునేది స్ప్రింగే. అయితే తీసుకున్నదాన్ని దగ్గర ఉంచుకోదు. నొక్కుకుపోయినప్పుడు దాచుకున్న శక్తిని మరుక్షణం పైకి తన్నుతూ తిరిగి ఇచ్చేస్తుంది. పైకి లేచిన కారు మళ్లీ దిగుతుంది, స్ప్రింగు మళ్లీ తీసుకుంటుంది, మళ్లీ ఇస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఆగాలంటే ఆ శక్తిని ఎవరో ఒకరు మధ్యలో లాక్కుని, వేడిగా మార్చి, గాలిలో కలిపెయ్యాలి. షాకబ్జార్బర్ చేసే పని అదొక్కటే.

అది లేకపోతే ఏమవుతుందో నల్లరేగడి నేలల మీద వేసిన రోడ్లు చూపిస్తాయి. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. పైన ఎంత మంచి తారు వేసినా కొన్నేళ్లకు రోడ్డు అలలు తిరుగుతుంది. అలాంటి రోడ్డు మీద 12 మీటర్లకో ఎత్తు వస్తోందనుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16.7 మీటర్లు. అంటే సెకనుకు 1.4 ఎత్తులు. మన స్ప్రింగు ఊగాలనుకునే వేగం కూడా సరిగ్గా అంతే! రోడ్డు ఊపూ స్ప్రింగు ఊపూ కలిసిపోతే ప్రతి ఎత్తుకూ ఊగు పెరుగుతూ పోతుంది. భౌతికశాస్త్ర పాఠంలో అనునాదం అని చదువుకున్నది ఇదే. షాకబ్జార్బర్లు బాగుంటే ఈ పెరుగుదలకు అక్కడే కళ్లెం పడుతుంది.

చక్రానికి ఇంకో ఊగు విడిగా ఉంది. టైరు కూడా ఒక స్ప్రింగే కాబట్టి, దానికీ పై స్ప్రింగుకూ మధ్య చక్రం సెకనుకు పది పన్నెండు సార్లు అదరగలదు. పొలాల్లోకి వెళ్లే మట్టిబాటల మీద చిన్నచిన్న అడ్డగట్లు వరసగా లేవడం చూసే ఉంటారు. అవి 70 సెంటీమీటర్లకొకటి ఉంటే, గంటకు 30 కిలోమీటర్ల వేగం దగ్గర చక్రం ఈ అదురులో పడుతుంది. అప్పుడు టైరు నేలను అంటి ఉండదు, నేల మీద గెంతుతుంది. గెంతే టైరుకు నేల మీద పట్టు ఉండదు. బ్రేకు నొక్కినా, స్టీరింగు తిప్పినా కారుకు అందే బలం టైరు నేలను నొక్కినంత మేరకే. అందువల్ల నా దృష్టిలో షాకబ్జార్బర్‌ను ప్రయాణ సుఖం లెక్కలో కాక, బ్రేకుల లెక్కలో వేయాలి. నడుం నొప్పి వచ్చేదాకా ఆగి మార్చుకునేవాళ్లు ఈ సంగతి పట్టించుకోరు.

పాత అంబాసిడర్ కారు వెనక చుట్ట స్ప్రింగులకు బదులు కమాన్లుండేవి. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు వంగినప్పుడల్లా ఒకదాన్నొకటి రాసుకునేవి. ఆ రాపిడి కూడా కొంత ఊగును మింగేది. అందుకే షాకబ్జార్బర్లు పూర్తిగా చచ్చిన అంబాసిడర్ కూడా ఎలాగోలా కుదురుకునేది. చుట్ట స్ప్రింగులో అలాంటి రాపిడి దాదాపు లేదు. తీసుకున్నదంతా తిరిగి ఇస్తుంది. నేటి కార్లలో షాకబ్జార్బర్ పోతే దాని పని పంచుకునేవాళ్లు లేరు.

మొదటి రోజుల్లో మోటారు బండ్లవాళ్లు కూడా రాపిడినే నమ్ముకున్నారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్‌లో ట్రూఫో తయారుచేసిన సాధనాన్ని అమెరికాలో ఎడ్వర్డ్ హార్ట్‌ఫర్డ్ అమ్మకానికి తెచ్చాడు. కత్తెరలా రెండు చేతులు, అవి కలిసే చోట బిళ్లలు, బిళ్లలను బిగించే బోల్టు. చేతులు కదిలితే బిళ్లలు రాసుకుంటాయి. చూడ్డానికి తెలివైన ఏర్పాటే, కానీ రాపిడికి ఒక దుర్గుణం ఉంది. ఆగి ఉన్నప్పుడు గట్టిగా పట్టుకుంటుంది, కదలడం మొదలయ్యాక పట్టు సడలుతుంది. అంటే చిన్న గులకరాయి దెబ్బకు బిగుసుకుని ఆ దెబ్బను నేరుగా సీటుకు పంపిస్తుంది. పెద్ద గుంతలో, అవసరమైన వేళ, జారిపోతుంది. మనకు కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

నూనె ఆ వ్యతిరేకమైన పని చేస్తుంది. మోకాలి లోతు ఏటి నీళ్లలో మెల్లగా నడిస్తే నీరు దారి ఇస్తుంది, పరుగెత్తబోతే కాళ్లకు అడ్డం పడుతుంది. ద్రవం ఇచ్చే ఎదురు బలం వేగంతో పెరుగుతుంది. ఫ్రాన్స్‌లోనే మారిస్ హుడాయ్ ఒక డబ్బాలో రెక్కను నూనెలో తిప్పే షాకబ్జార్బర్ చేశాడు. ఫోర్డ్ మోడల్-టి కార్లు ఫ్యాక్టరీ నుంచి షాకబ్జార్బర్లు లేకుండానే వచ్చేవి. దాని తర్వాత 1927లో వచ్చిన మోడల్-ఎకి హుడాయ్ రకం నూనె షాకబ్జార్బర్లు బిగించారు. ఇప్పుడు మనం చూసే గొట్టం ఆకారం ఆ తర్వాత వాడుకలోకి వచ్చింది.

గొట్టం లోపల మెరిసే కడ్డీ, కడ్డీ చివర పిస్టన్, చుట్టూ నూనె. పిస్టన్‌కు సన్నని రంధ్రాలు, వాటి మీద పల్చని ఉక్కు బిళ్లలతో చేసిన కవాటాలు. కడ్డీ లోపలికి వెళ్లేటప్పుడు ఒక దారి తెరుచుకుంటుంది, బయటికి వచ్చేటప్పుడు ఇంకొకటి. బయటికి వచ్చే దారిని కావాలనే ఇరుకు చేస్తారు. చక్రం గట్టెక్కేటప్పుడు పైకి త్వరగా వెళ్లనివ్వాలి, లేకపోతే దెబ్బ సీటుకు తగులుతుంది. నొక్కుకున్న స్ప్రింగు విడివడి కారును పైకి తన్నేటప్పుడు మాత్రం గట్టిగా పట్టుకోవాలి. కొత్త షాకబ్జార్బర్‌ను చేత్తో నొక్కి చూడండి, లాగి చూడండి. లాగడం కష్టంగా ఉంటే అది లోపం కాదు, అలాగే ఉండాలి.

పట్టు ఎంత ఉండాలన్నదీ లెక్కే. ఒక్క ఊగు కూడా లేకుండా ఆపెయ్యగల పట్టును ఒకటి అనుకుంటే, మామూలు కార్లలో అందులో మూడో వంతుకు కాస్త అటూఇటూ పెడతారు. 0.3 ఉన్నప్పుడు 10 సెంటీమీటర్లు కుంగిన కారు ఒక పూర్తి ఊగు తర్వాత సెంటీమీటరున్నర లోపుకు దిగిపోతుంది. కంటికి ఆగినట్టే. పట్టు 0.1కి పడిపోతే అదే కారు మొదటి ఊగు తర్వాత 5, రెండో దాని తర్వాత 3, మూడో దాని తర్వాత ఒకటిన్నర సెంటీమీటర్లకు చేరుతుంది. ముందు కారు డిక్కీ గట్టు దాటాక లేస్తూ పడుతూ పోవడానికి వెనకున్న అంకెలివి.

లాక్కున్న శక్తి నూనెను వేడెక్కిస్తుంది. మన స్ప్రింగు అదనంగా 5 సెంటీమీటర్లు కుంగితే ఆ ఊగులో చేరే శక్తి 25 జౌళ్లు. లోపలున్న నూనె 200 గ్రాములనుకుంటే ఆ ఒక్క గుంతకు పెరిగే వేడి డిగ్రీలో పదిహేనో వంతు. చాలా తక్కువనిపిస్తుంది. పదిహేను గుంతలకు ఒక డిగ్రీ అనుకుంటే, పాడైన రోడ్డు మీద అరగంట ప్రయాణానికి ఎన్ని డిగ్రీలో మీరే ఊహించండి. గొట్టానికి తగిలే గాలి చల్లార్చకపోతే నూనె కాగిపోయేదే. అలాంటి ప్రయాణం అయ్యాక బండి ఆపి రెండు వెనక షాకబ్జార్బర్లనూ జాగ్రత్తగా తాకి చూస్తే, ఒకటి వేడిగా ఒకటి చల్లగా ఉంటే పోయింది చల్లగా ఉన్నదే. శక్తిని లాక్కోనిదానికి వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకో చిక్కు నురగ. పిస్టన్ వేగంగా ఆడేటప్పుడు దాని వెనక ఒత్తిడి పడిపోయి బుడగలు పుడతాయి. బుడగల నూనె పిస్టన్‌కు అడ్డు నిలవలేదు. ఫ్రెంచి ఇంజినీరు క్రిస్టియాన్ బూర్సియే ద కార్బన్ దీనికి ఒకే గొట్టంలో నూనెను గట్టి ఒత్తిడి ఉన్న గ్యాసుతో నొక్కిపెట్టే మార్గం కనిపెట్టాడు. 1950లలో జర్మనీకి చెందిన బిల్‌స్టీన్ ఆ హక్కులు తీసుకుని తయారుచేసింది. ఒంటి గొట్టం రకంలో నైట్రోజన్ ఒత్తిడి 20 నుంచి 30 వాతావరణాల దాకా ఉంటుంది. మన చిన్న కార్లకు వచ్చేవి ఎక్కువగా జంట గొట్టాల రకం. లోపలి గొట్టంలో పిస్టన్, బయటి గొట్టంలో మిగులు నూనె, దాని పైన తక్కువ ఒత్తిడితో గ్యాసు.

గ్యాసున్న షాకబ్జార్బర్‌కు పెట్టెలో ఒక పట్టీ బిగించి ఉంటుంది. అది తెంపగానే కడ్డీ దానంతటదే బయటికి పాకుతుంది. లోపల స్ప్రింగేమీ లేదు. పిస్టన్‌కు రెండు వైపులా ఒత్తిడి ఒకటే, కానీ ఒక వైపు కడ్డీ మందమంత చోటు తగ్గింది. 12 మిల్లీమీటర్ల కడ్డీ, 25 వాతావరణాల ఒత్తిడి అయితే ఆ చిన్న తేడాయే దాదాపు 28 కిలోల బలంతో కడ్డీని బయటికి తోస్తుంది. పట్టీ తెంపే ముందు ముఖం దూరంగా పెట్టుకోమనేది అందుకే.

ఇక మార్చాలో లేదో తేల్చుకోవడం. డిక్కీ మూల మీద బరువు వేసి నొక్కి వదలడం అందరికీ తెలిసిన పరీక్ష. పూర్తిగా చచ్చినదాన్ని అది పట్టిస్తుంది. సగం చచ్చినది మాత్రం తప్పించుకుంటుంది. చేత్తో నొక్కే వేగం, గుంత నొక్కే వేగం ఒకటి కాదు మరి. గొట్టం పైన పల్చని నూనె తడి, దానికి అంటిన దుమ్ము ఉంటే భయపడక్కర్లేదు. కడ్డీ ఆడినప్పుడల్లా కాస్త నూనె పూతలా బయటికి రావడం మామూలే. నూనె ధారగా కారి కింది చివరనున్న రబ్బరు బుష్ దాకా వచ్చిందంటే సీలు పోయినట్టు. టైరు మీద చేత్తో తడిమితే ఎగుడుదిగుడు మచ్చల్లా అరిగిన చోట్లు తగులుతుంటే చక్రం గెంతుతోందని అర్థం. అన్నిటికంటే నమ్మదగినది చక్రం కింది పలకను సెకనుకు 25 సార్ల దాకా అదిరించి టైరు నేలను ఎంత గట్టిగా అంటి ఉందో కొలిచే యంత్రం. అది ఇంట్లో ఉండే వస్తువు కాదు.

మార్చాలని తేలితే రెండు వైపులా కలిపి మార్చండి. ఒక వైపు కొత్తది, ఒక వైపు అరిగినది పెడితే ఒకే గుంతకు కారు రెండు వైపులా రెండు రకాలుగా బదులిస్తుంది.

అంతకు ముందు మీ కారు కిందకు తొంగి చూడాల్సిన పనుంది. వెనక స్ప్రింగు ఒక చోట, షాకబ్జార్బర్ దాని పక్కన వేరే చోట ఉన్నాయా, లేక షాకబ్జార్బర్ చుట్టూనే స్ప్రింగు ఉందా? విడివిడిగా ఉంటే ఈ పని ఇంటి దగ్గర చేసుకోవచ్చు. చుట్టూ ఉంటే, లేదా స్ప్రింగూ షాకబ్జార్బరూ ఒకటిగా ఉండే ముందు చక్రాల స్ట్రట్ అయితే, వదిలెయ్యండి. మన లెక్కలోని స్ప్రింగు కారు బరువుకు 12.5 సెంటీమీటర్లు కుంగి ఉంటుంది. అందులో దాగిన శక్తి 150 జౌళ్లు, అంటే 15 కిలోల రాయి మీటరు ఎత్తు నుంచి పడితే వచ్చేంత. స్ట్రట్ పై నట్టును స్ప్రింగు నొక్కే పనిముట్టు లేకుండా విప్పితే, బండి పైకెత్తి ఉన్నా సరే, మిగిలున్న శక్తి చెయ్యి విరగ్గొట్టడానికి చాలు. తాడు కట్టి, కమ్మీ చుట్టి లాగించే ధైర్యవంతుల మాట వినకండి.

పని మొదలుపెట్టేది ముందు రోజు సాయంత్రం. ఆ బోల్టులు ఏళ్ల తరబడి బురదలో తడిసి ఉంటాయి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి నట్టుకూ బోల్టుకూ మధ్య సందులో అదే మేకు కొట్టినట్టు బిగిసిపోతుంది. ఇనప బ్రష్షుతో రుద్ది, తుప్పు వదిలించే పల్చని నూనె చల్లి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దునకి అది సందుల్లోకి పాకి ఉంటుంది.

చదునైన గట్టి నేల కావాలి. చాలా మంది హ్యాండ్ బ్రేకు లాగి జాకీ పెడతారు. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో హ్యాండ్ బ్రేకు పట్టుకునేది వెనక చక్రాలను. ఆ వెనక చక్రాలే గాలిలోకి లేచాక అది పట్టుకుని లాభమేంటి? గేరులో ఉంచండి, ముందు చక్రాలకు ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టండి. చక్రం నట్లను బండి నేల మీద ఉండగానే ఒక చుట్టు వదులు చెయ్యండి. నేల రాపిడి చక్రాన్ని పట్టుకుంటుంది. తర్వాత లేపి, కంపెనీ చూపించిన చోట్ల జాక్ స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి దించండి. కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికే, దాని మీద నమ్మకం పెట్టి కింద దూరకూడదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు అసలే వద్దు. అవి పగిలేటప్పుడు ముందుగా వంగి హెచ్చరించవు. విప్పిన చక్రాన్ని కారు అంచు కిందికి తోసి ఉంచండి, ఖర్చు లేని రెండో కాపలా.

ఇక అసలు కిటుకు. చాలా కార్లలో చక్రం కిందికి ఎంత దూరం వేలాడాలో ఆపేది షాకబ్జార్బరే. దాన్ని విప్పగానే వెనక ఇరుసు ఇంకా కిందికి జారుతుంది. స్ప్రింగు తన గూటిలోంచి ఊడి పడొచ్చు, లేదా ఇరుసు బరువంతా బ్రేకు నూనె వెళ్లే రబ్బరు గొట్టం మీద పడొచ్చు. గొట్టం పైకి బాగానే కనిపిస్తూ లోపల చిట్లితే ఎప్పుడో బ్రేకు నొక్కినప్పుడు బయటపడుతుంది. అందుకే మీరు విప్పబోయే వైపు స్ప్రింగు కూర్చునే గిన్నె కింద రెండో జాకీ పెట్టి ఆనించండి. రెండు వెనక చక్రాలనూ కలిపే దూలం ఉంటే దాని నడుమ మాత్రం జాకీ పెట్టకండి. అది మెలి తిరగడానికి చేసినది, మధ్యలో బరువు మొయ్యడానికి కాదు. ఈ రెండో జాకీతో ఇంకో లాభముంది. కింది బోల్టు నట్టు తీశాక కూడా బయటికి రానని మొండికేస్తే సుత్తి అందుకోకుండా జాకీని అంగుళంలో నాలుగో వంతు పైకో కిందికో ఆడించండి. బోల్టు మీద పక్క ఒత్తిడి పోయిన చోట అది వేళ్లతోనే వచ్చేస్తుంది.

బిగిసిన నట్టుకు బలం కంటే పొడవు ముఖ్యం. పావు మీటరు పానా మీద 40 కిలోల బలం పెట్టడమూ, దానికి గొట్టం తొడిగి అర మీటరు చేసి 20 కిలోలు పెట్టడమూ ఒకటే. రెండింటికీ వచ్చేది దాదాపు 100 న్యూటన్ మీటర్లు. స్టాండ్ల మీదున్న కారును కుదపకుండా మెల్లగా, ఒకే తీరున లాగాలి.

పై చివర కొన్ని కార్లలో చక్రం గూటిలోపలే బోల్టుతో ఉంటుంది, కొన్నింటిలో డిక్కీ అట్ట తీస్తే కనిపిస్తుంది. డిక్కీలో అయితే నట్టు తిప్పుతుంటే కడ్డీ కూడా దానితో తిరుగుతుంది. కడ్డీ కొసన చదునుగా చెక్కిన చోట చిన్న పానా పెట్టి ఆపండి. బిగించేటప్పుడు కింద మెరిసే భాగాన్ని కటింగ్ ప్లేయరుతో పట్టుకుంటే కొత్త షాకబ్జార్బర్‌ను పుట్టగానే చంపినట్టే. క్రోమియం పూత మీద పడ్డ గీత రంపంలా సీలును కోస్తుంది. రబ్బరు బిళ్లలు, వాషర్లు ఏ వరసలో ఉన్నాయో తీసే ముందే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు విప్పండి. ఫొటోలో అర్థం కానిది రెండో వైపు చూస్తే తెలుస్తుంది. దుమ్ము తొడుగు, లోపలి నురుగు రబ్బరు దిమ్మె పొడిపొడిగా రాలుతుంటే అవి కూడా కొత్తవి వెయ్యండి. ఆ దిమ్మె లేకపోతే పెద్ద గుంతలో ఇనుము ఇనుముకు తగులుతుంది.

కొత్తది అడ్డంగా పడుకోబెట్టిన పెట్టెలోంచి వచ్చింది కదా. జంట గొట్టాల రకమైతే ఈలోగా బయటి గొట్టంలోని గ్యాసు లోపలి గొట్టంలోకి చేరి ఉండొచ్చు. కారుకు బిగించే దిశలోనే నిలబెట్టి, కడ్డీని అడుగుదాకా మెల్లగా నొక్కి పూర్తిగా లాగండి. మొదట్లో కొంత దూరం చేతికి పట్టు లేకుండా ఖాళీగా ఆడినట్టు తెలుస్తుంది. ఆ ఖాళీ పోయేదాకా నాలుగైదు సార్లు చెయ్యండి. తర్వాత మళ్లీ పడుకోబెట్టకుండా నేరుగా బిగించండి. ఈ పని చెయ్యక, మొదటి రోజు టకటక శబ్దం విని, కొత్తవి నాసిరకమని అంగట్లో గొడవ పడేవాళ్లున్నారు.

బిగించడంలో ఒక మెలిక ఉంది. మెకానిక్ షెడ్డుల్లో కూడా ఎక్కువగా తప్పేది ఇక్కడే. కింది చివర ఉన్న కంటిలో రబ్బరు బుష్, దాని నడుమ ఒక ఇనప గొట్టం ఉంటాయి. బోల్టు బిగించగానే ఆ ఇనప గొట్టం పట్టీల మధ్య నొక్కుకుని ఇక తిరగదు. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు మెలి తిరిగేది రబ్బరు మాత్రమే. కారు స్టాండ్ల మీద ఉండి, చక్రం కిందికి వేలాడుతూ ఉండగా పూర్తిగా బిగించారనుకోండి. రబ్బరుకు అదే సహజ స్థితి అయిపోతుంది. కారు కిందికి దించగానే అది పది పన్నెండు డిగ్రీలు మెలి తిరుగుతుంది. ఇక బండి నిలబడి ఉన్నా, పరుగెడుతున్నా ఆ మెలి పోదు. ప్రతి గుంతా మెలి తిరిగిన రబ్బరునే ఇంకా మెలి తిప్పుతుంది, కొద్ది నెలల్లో చిరుగుతుంది. కాబట్టి మొదట చేతి బిగువుతో వదిలి, స్ప్రింగు గిన్నె కింది జాకీని కారు స్టాండు మీద నుంచి లేవబోయేదాకా ఎత్తండి. అంటే ఆ చక్రం ఇప్పుడు కారు బరువు మోస్తున్న స్థితిలో ఉంది. అప్పుడు పూర్తిగా బిగించండి.

ఎంత బిగించాలో మీ కారు సర్వీసు పుస్తకం చెప్పిన అంకెనే నమ్మండి. ఒక కారు అంకె ఇంకో కారుకు పనికిరాదు. బిగింపు కొలిచే టార్క్ రించి అద్దెకు దొరికినా తెచ్చుకోండి. మనం తిప్పే బలంలో పదో వంతు మాత్రమే బోల్టును లాగి పట్టుకోవడానికి పనికొస్తుంది. మిగతాదంతా నట్టు ముఖం దగ్గర, మరల దగ్గర రాపిడికే పోతుంది. కాబట్టి మరలకు గ్రీజు రాస్తే రాపిడి తగ్గి, అదే అంకె దగ్గర బోల్టు చాలా ఎక్కువగా సాగిపోతుంది. గ్రీజు రాయాలంటే బోల్టు నున్నని భాగానికి రాయండి, మరలకు కాదు. నైలాన్ వలయం ఉన్న నట్టును రెండోసారి వాడకండి.

చక్రాలు బిగించి, బండి దించి, చక్రం నట్లను నేల మీద ఇంకోసారి ఎదురెదురు వరసలో బిగించండి. మొదటి ప్రయాణం దగ్గరి స్పీడ్ బ్రేకర్ దాకా చాలు. డిక్కీ ఒకసారి లేచి కుదురుకోవాలి. శబ్దం వస్తే పై నట్టు చూడండి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నిటినీ ఒకసారి పరీక్షించండి.

పాతవాటిలో నూనె మిగిలే ఉంటుంది, ఒక్కోసారి గ్యాసు ఒత్తిడి కూడా. ఏముందో చూద్దామని రంపంతో కోయకండి, మంటలో వేయకండి. కారిన నూనెను మురుగు కాలవలో పొయ్యకండి. సీసాలో పట్టి, వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోగుచేసే సర్వీసు స్టేషన్‌లో ఇచ్చెయ్యండి. గొట్టాలను పాత ఇనుము కొనేవారికి ఇస్తే, లోపల గ్యాసు ఉందని వారికి నోటితో చెప్పి మరీ ఇవ్వండి.